పాత టర్న్‌టేబుల్: "రికార్డులు అరిగిపోయాయి" అనుకునే ముందు ముల్లు సంగతి చూడండి

పాత టర్న్‌టేబుల్ రిపేరుకు తెచ్చేవాళ్లలో చాలామంది ఒకే మాట అంటారు: "మిషన్ బాగానే తిరుగుతోందండీ, రికార్డులే అరిగిపోయాయి." పాడేవాళ్ల గొంతు చీలినట్టు వస్తుంది. స, శ, ష పలికిన చోటల్లా బుస్సుమంటుంది. సైడులో చివరి పాటకి వచ్చేసరికి మాటలే అర్థం కావు. ఇన్నేళ్ల రికార్డులు కదా, పోయుంటాయిలే అని సరిపెట్టుకుంటారు. కొందరైతే వాటిని ఎవరికో ఇచ్చేసి, డబ్బు కూడబెట్టి కొత్తవి కొని, మళ్లీ అదే ముల్లు కింద పెడతారు. నాకు ప్రాణం ఉసూరుమనేది అక్కడే.

అపోహ: ముల్లు డైమండ్‌ది, అరగదు.

అరుగుతుంది. ఎల్‌పీ (నిమిషానికి 33 చుట్లు తిరిగే పెద్ద రికార్డు) ఒక సైడులో పాట చెక్కి ఉన్న గాడిని సాగదీసి కొలిస్తే దాదాపు అర కిలోమీటరు ఉంటుంది. ఆ పొడవునా ముల్లు రెండు గోడల్నీ రాసుకుంటూ పోవాలి. మోపే బరువు రెండు గ్రాములే అయినా, ఆనే చోటు కంటికి కనిపించనంత చిన్నది కాబట్టి అక్కడ ఒత్తిడి విపరీతం. గాడిలో దుమ్ముంటే అది ఆకురాయి పని చేస్తుంది. కోనికల్ (కొన గుండ్రంగా ఉండే) ముల్లుకి సుమారు 500 గంటలు, ఎలిప్టికల్‌కి (కొన కోలగా ఉండేదానికి) 300 గంటలు అని ఆడియో-టెక్నికా కంపెనీ లెక్క చెబుతుంది. నలభై నిమిషాల ఎల్‌పీలైతే 300 గంటలంటే 450 సార్లు. పాత చవక ప్లేయర్లలో డైమండ్ కాకుండా సఫైర్ ముల్లు వచ్చేది, అది ఇంకా చాలా త్వరగా పోతుంది. మీ చేతికొచ్చిన టర్న్‌టేబుల్ మీద అంతకుముందు ఎన్ని వందల గంటలు పాటలు నడిచాయో అమ్మినవాళ్లకీ తెలియదు.

అరిగిన ముల్లు శబ్దం పాడు చేసి ఊరుకుంటే ఇంత గొడవ లేదు. గుండ్రంగా ఉండాల్సిన కొన రెండు పక్కలా చదునైపోయి, అంచులు తేలతాయి. ఆ అంచులు గాడి గోడల్ని గీకేస్తాయి. ముందు పోయేవి సన్నటి శబ్దాలు. అలా పోయినదాన్ని ఏ క్లీనింగూ వెనక్కి తేలేదు. అరుగుదల చెవికి తెలిసేనాటికే రికార్డుకి దెబ్బ తగలడం మొదలై ఉంటుంది, అందుకే "వినిపించినన్నాళ్లు వాడదాం" అనే సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఈమధ్య ఒకాయన పెట్టెనిండా రికార్డులు తెచ్చారు, వాళ్ల నాన్నగారివి. ఏది పెట్టినా పగిలినట్టే వినిపిస్తోందట. "నాన్న అంత జాగ్రత్తగా దాచుకున్నారండీ, నా చేతుల్లోకొచ్చి పోయాయి" అని ఆయన బాధ. ముల్లు ఊడదీసి మైక్రోస్కోపు కింద పెట్టి, ఆయన్నే చూడమన్నాను. కొన ఉండాల్సిన చోట రెండు చదును ముఖాలు, మధ్యన పదునైన గీత. కొత్త ముల్లు వేసి అదే రికార్డు పెడితే, గొంతు వెనకాల వయొలిన్ విడిగా వినపడింది. ఒకదాని తర్వాత ఒకటి పెట్టించుకున్నారు. చాలామటుకు శుభ్రంగా పలికాయి. రెండింటిలో మాత్రం గొంతు పైకి లేచిన ప్రతిచోటా ఆ చీలిక ఉండిపోయింది. ఇష్టం కొద్దీ ఆయన పదే పదే వేసుకున్నవి అవే. ఎవరూ చెప్పకపోతే ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది?

కాబట్టి బడ్జెట్ ఎంత చిన్నదైనా మొదటి ఖర్చు ముల్లు మీద పెట్టండి. స్పీకర్లు, రబ్బరు మ్యాట్, మెరిసే కేబుళ్లు తర్వాత చూసుకోవచ్చు. మొత్తం కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే, దాని కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న భాగం) కొనాలేమో అని టెన్షన్ పడకండి. చాలావాటికి ముల్లు భాగం ఒక్కటే ఊడి వస్తుంది. కార్ట్రిడ్జ్ మీద రాసిన మోడల్ నంబరు చూసి దానికి సరిపడేది తెప్పించుకుంటే చాలు. పాత స్టాకు, సీలు కూడా విప్పలేదు అని అమ్మేవాటితో జాగ్రత్త. ముల్లు కాడను పట్టుకుని ఉండే రబ్బరు, వాడకపోయినా ఏళ్లు గడిస్తే గట్టిపడుతుంది. తిప్పితే ఒకవైపు 78 (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డు), ఒకవైపు ఎల్‌పీ వచ్చే ముల్లు ఉంటే సరైన వైపు ఉందో లేదో ప్రతిసారీ చూసుకోండి. 78కి కావాల్సిన కొన ఎల్‌పీ కొనకి దాదాపు నాలుగింతలు లావు.

అపోహ: ముల్లు మోపే బరువు ఎంత తగ్గిస్తే రికార్డుకి అంత మంచిది.

దీనికి కవల సోదరుడు ఇంకొకటి: ముల్లు గాడి దాటి ఎగిరితే (స్కిప్ అయితే) హెడ్‌షెల్ మీద, అంటే కార్ట్రిడ్జ్ బిగించే తల మీద, నాణెం పెట్టమనడం. రెండూ తప్పే. బరువు మరీ తక్కువైతే గట్టి శబ్దాలొచ్చిన చోట ముల్లు గోడని వదిలేసి మళ్లీ వచ్చి కొట్టుకుంటుంది. నాణెం పెడితే బరువు రెండు మూడింతలైపోయి కాడ కుంగుతుంది. కార్ట్రిడ్జ్‌కి కంపెనీ చెప్పిన బరువే పెట్టాలి. మ్యాగ్నెటిక్ అయితే మామూలుగా 1.5 నుంచి 2.5 గ్రాములు, పాత సిరామిక్ అయితే అంతకు బాగా ఎక్కువ.

ఎక్కువ టర్న్‌టేబుళ్లకి పద్ధతి ఇదీ: ముల్లు మూత తీసి, యాంటీ-స్కేట్ (ఆర్మ్ రికార్డు మధ్యకి లాగకుండా సరిచేసే మీట) సున్నా మీద పెట్టి, ముల్లుని మోసే ఆర్మ్ గాలిలో తనంతట తాను సమంగా నిలిచేదాకా వెనక ఉన్న బరువు దిమ్మ, అంటే కౌంటర్‌వెయిట్, తిప్పండి. వెయిట్ కదలకుండా పట్టుకుని దాని ముందున్న అంకెల చక్రాన్ని మాత్రం సున్నాకి తేవాలి. ఇప్పుడు రెండూ కలిపి కావాల్సిన అంకె దాకా తిప్పండి, యాంటీ-స్కేట్ కూడా అంతే పెట్టండి. ఇదంతా అయ్యాక కూడా స్కిప్ అవుతుంటే రికార్డు కడగండి, లేదా ఆర్మ్ బేరింగ్ బిగుసుకుందేమో చూపించండి.

మిగతావి గబగబా. బెల్టు డ్రైవ్ (మోటారు బెల్టుతో తిప్పేది) గొప్పదా, డైరెక్ట్ డ్రైవ్ (మోటారే నేరుగా తిప్పేది) గొప్పదా అన్న వాదన పాత మిషన్ కొనేటప్పుడు అనవసరం, ఏది మంచి కండిషన్‌లో ఉంటే అది తీసుకోండి. బెల్టు మిషన్‌లో స్పీడు తగ్గిందంటే మోటారు పోయిందని కాదు, ముందు బెల్టు మార్చి చూడండి. స్పిరిట్‌తో తుడిస్తే ఏ రికార్డైనా మెరుస్తుందంటారు. 78 రికార్డుల్లో ఉండే లక్క అందులో కరిగిపోతుంది, వాటి దగ్గరికి తీసుకెళ్లకండి.

ఇంకొక్కటి, ఎందుకంటే దీనివల్ల మంచి మిషన్లు పాత సామాన్లలోకి పోతున్నాయి. "సౌండ్ రావట్లేదు, చచ్చిపోయింది" అంటారు. చెవి దగ్గర పెడితే ముల్లు సన్నగా పాడుతూనే ఉంటుంది. మ్యాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. పైగా రికార్డు కోసేటప్పుడే బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచుతారు. దాన్ని సరిచేసి పెంచడానికి ఫోనో ప్రీయాంప్ కావాలి. పాత యాంప్లిఫయర్‌కి వెనక ఫోనో అని రాసి ఉన్న ఇన్‌పుట్ ఉంటే అందులో పెట్టండి, లేకపోతే చిన్న ప్రీయాంప్ విడిగా దొరుకుతుంది. పెట్టాక బుయ్యిమని హమ్ వస్తే కంగారు పడకండి, టర్న్‌టేబుల్ నుంచి వేలాడే ఆ సన్నటి ఎర్త్ వైరుని యాంప్లిఫయర్ వెనక గ్రౌండ్ స్క్రూకి బిగించండి. సాధారణంగా దాంతోనే ఆగిపోతుంది.