మూత కింద పురుగుని పసిగట్టే తేనెటీగ

మా అనంతపురం అన్న ఒకాయన బెంగళూరులో జాబ్ చేసుకుంటూనే చిక్కబళ్ళాపురం దగ్గర తోటలో తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నాడు. మొన్న ఆదివారం వెళ్తే ఒక సీసాలోకి సుమారు 300 ఈగల్ని తీసుకుని, జాలీ మూత బిగించి, పైనుంచి పంచదార పొడి వేసి దొర్లించి, ఆ పొడిని తెల్ల ప్లేట్‌లోకి దులిపాడు. ఎర్రటి చుక్కలు, కొన్ని కదుల్తున్నాయి కూడా! లెక్కేస్తే 11, అంటే వంద ఈగలకి మూడున్నర పైనే. వందకి మూడు దాటితేనే డేంజర్ అంటారు.

ఆ చుక్కలే తేనెటీగలకి పట్టే పురుగు, పేరు వర్రోవా. వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరే గానీ ఈగ సైజుతో చూస్తే మన ఒంటికి అన్నం ప్లేటంత పిడుదు పట్టినట్టు. ఈగ కొవ్వు తింటుంది, రెక్కలు వంకరపోయే వైరస్ కూడా అంటిస్తుంది. అసలు ఇది మన దేశీ ఈగదే, ఇక్కడ కన్నడం వాళ్ళు తుడువె అంటారే, అది. వాటి దగ్గర పోతుటీగల (మగ ఈగల) పిల్లలు పెరిగే మైనం గదుల్లో తప్ప ఇది పిల్లల్ని పెట్టలేదు, కూలి ఈగల గదిలో దూరితే పసిగట్టి ఊడ్చేస్తాయి. అన్న పెంచేది మెల్లిఫెరా, బయటి నుంచి వచ్చిన జాతి, దానికి ఈ అలవాటు తక్కువ.

మందు పట్టీలు వాడితే కొన్నేళ్ళకి పురుగు మందుకే అలవాటు పడిపోతుంది. అందుకే 1990లలో అమెరికాలో లూసియానా రాష్ట్రం బాటన్ రూజ్ ల్యాబ్‌లో జాన్ హార్బో, జెఫ్రీ హ్యారిస్ అనే శాస్త్రవేత్తలు ఈగల్నే మార్చే పని పట్టారు. కొన్ని పట్టుల్లో కూలి ఈగలు పిల్ల ఈగ ఉన్న గది మైనం మూత పైనుంచే లోపల పురుగు ఉందని వాసన పట్టి, మూత కొరికి, ఆ ప్యూపాని బయటికి లాగేస్తాయి, పురుగు పిల్లలు అక్కడితో చస్తాయి. ఈ గుణం ఎక్కువున్న పట్టు నుంచి రాణుల్ని తీస్తూ పోవడమే పద్ధతి. అమెరికాలోనే మిన్నెసోటాలో మార్లా స్పివాక్ అనే శాస్త్రవేత్త వాళ్ళ టెస్ట్ నాకు భలే నచ్చింది, లిక్విడ్ నైట్రోజన్‌తో కొంచెం పిల్లపట్టుని (పిల్లలున్న గదుల ముక్కని) గడ్డకట్టించి చంపి మళ్ళీ పెట్టెలో పెట్టేసి 24 గంటల తర్వాత చూస్తారు, చచ్చిన పిల్లల్లో 95 శాతం క్లీన్ చేసుంటే ఆ పట్టు పనికొస్తుందని.

కష్టమంతా పెళ్ళి దగ్గరే. రాణి గాల్లో ఎగురుతూ పది, పదిహేను పోతుటీగలతో కలుస్తుంది, పక్కూరి పెట్టెల నుంచి వచ్చిందేదో మనకేం తెలుసు, మన సెలెక్షన్ అంతా ఒక తరంలో పలచబడిపోతుంది. అందుకే బ్రీడర్లు మైక్రోస్కోప్ కింద రాణికి కృత్రిమ గర్భధారణ చేస్తారు, లేదంటే చుట్టుపక్కల అందరూ ఒకే రకం పెంచాలి.

అన్న దగ్గర పక్క పెట్టెలో వచ్చింది 2. అందులోంచే రాణుల్ని తీద్దామా అన్నాను. అప్పుడే కాదురా, ఈసారి ఏదో కలిసొచ్చి తక్కువుండొచ్చు, ఇంకో రెండుసార్లు చూడాలి అని పెట్టె మూత మీద చాక్‌పీస్‌తో తేదీ, పక్కన 2 రాసి పెట్టాడు.