తమ్ముడి మందుల చీటీ మీది మాట

చిట్టికీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

చిట్టీ, తమ్ముడి మందుల చీటీలో డాక్టరుగారు "ఇంపెటిజినస్ ఎగ్జిమా" అని రాశారని, అదేం జబ్బోనని బెంగపడుతూ రాశావు. మాట పొడుగు చూసి హడలిపోకమ్మా.

చర్మం పైపొరకు పట్టే ఒక అంటుపుండు ఉంది, దాని పేరు ఇంపెటైగో. రెండు నుంచి ఐదేళ్ల పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ముక్కు కింద, నోటి చుట్టూ ముందు ఎర్రగా కందుతుంది. చిన్న పొక్కులు లేచి, చిట్లి, రసి కారుతుంది. ఆ రసి ఎండితే తేనె రంగు పక్కు కడుతుంది. చాలాసార్లు ఆ పక్కు చూసే డాక్టర్లు జబ్బు పోల్చేస్తారు.

ఇంపెటిజినస్ అంటే ఆ ఇంపెటైగో లక్షణం ఉన్నది అని. ఒట్టి "ఇంపెటిజినస్ పుండ్లు" అని రాస్తే, ఇంపెటైగో పుండ్లనో, అచ్చం అలా కనిపించే పుండ్లనో అర్థం. పక్కన ఎగ్జిమా (చర్మం కందిపోయి దురద పెట్టే జబ్బు) లాంటి ఇంకో జబ్బు పేరుంటే కథ వేరు. ముందు నుంచీ ఎగ్జిమా ఉంది, దురదకు వాడు గోకాడు, గోరు గీరుకున్నచోట క్రిములు దూరాయి అని చదువుకోవాలి. గజ్జి మీదా, పురుగు కుట్టినచోటా కూడా ఇలాగే అవుతుంది. అందుకే ఆ ఒక్క మాటను బట్టి వైద్యం మారుతుంది: క్రిములకో మందు, అసలు దురదకో మందు. పుండు మానిందని దురదను వదిలేస్తే వాడు మళ్లీ గోకుతాడు, మళ్లీ పుండే. గజ్జి అయితే ఇంట్లో అందరూ ఒకేసారి మందు రాసుకోవాలి.

ఈ పుండ్లకు కారణం ఎక్కువగా స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే క్రిమి, కొన్నిసార్లు స్ట్రెప్టోకాకస్ అనే ఇంకో క్రిమి. మొదటిదానికి స్టెఫిలోకాకస్ అని పేరు పెట్టింది అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్, 1882లో. సూక్ష్మదర్శినిలో ద్రాక్షగుత్తిలా కనబడిందట. 1928లో ఫ్లెమింగ్ అనే శాస్త్రవేత్త క్రిములను పెంచే పళ్లెంలో బూజు దెబ్బకు కరిగిపోయినవీ స్టెఫిలోకాకస్ క్రిములే, పెన్సిలిన్ కథ అక్కడే మొదలైంది. పది మందిలో ముగ్గురి ముక్కులో ఈ ఆరియస్ ఏ గొడవా చేయకుండా కాపురముంటుంది. కాబట్టి పుండు వచ్చిన పిల్లల్ని "మురికివాళ్లు" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఎంత శుభ్రంగా ఉన్నా రావచ్చు.

బుజ్జీ, ఇక నీకు. పక్కు పీకకు. అమ్మ గోరువెచ్చని నీళ్లతో తడిపి మెత్తబరిచి తీస్తుంది, అప్పుడే పైపూత మందు లోపలికి అందుతుంది. గోళ్లు కత్తిరించుకో. నీ తువ్వాలు అక్క వాడకూడదు. మచ్చ పడుతుందని దిగులొద్దు, పుండు పైపొరలోనే ఉంటుంది గనక సాధారణంగా పడదు.

చిట్టీ, ఒక్కటి మాత్రం గమనిస్తూ ఉండు. స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చిన పుండయితే, అరుదుగానైనా, కొన్ని వారాల తర్వాత మూత్రపిండాలు వాయవచ్చు. పొద్దున లేచేసరికి తమ్ముడి ముఖం ఉబ్బినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా అమ్మకు వెంటనే చెప్పు. మందు ఎన్నాళ్లు వాడాలో ఆ చీటీలోనే ఉంటుంది, పక్కు రాలిపోయింది కదా అని మధ్యలో ఆపనివ్వకు.

మీ తాతయ్య