నిద్ర తగ్గినా అలసట లేకపోతే

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న తన చెల్లెలి కొడుకు వారం రోజులుగా రాత్రి రెండింటికి పడుకుని నాలుగున్నరకే లేస్తున్నాడనీ, అయినా పగలంతా మునుపెన్నడూ లేనంత హుషారుగా ఉంటున్నాడనీ, పరీక్షల కోసం పట్టుదలగా చదువుతున్నాడని ఇంట్లో అందరూ మురిసిపోతుంటే తనకు మాత్రం భయంగా ఉందనీ అన్నారు. మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పడం ఎవరికీ తగదు. అయితే ఆమె అనుమానం పుట్టిన చోటు సరైనది. కొన్నాళ్లు మితిమీరిన హుషారు (మేనియా), కొన్నాళ్లు తీవ్రమైన దిగులు (డిప్రెషన్) వచ్చే బైపోలార్ డిజార్డర్ అనే జబ్బు లక్షణాల్లో ఇంట్లోవాళ్లు మిగతావాటి కంటే ముందుగా పసిగట్టగలిగేది నిద్రలో వచ్చే మార్పునే.

నిద్ర పట్టకపోవడం వేరు, నిద్ర అవసరమే లేనట్టు ఉండడం వేరు. దిగులుతో నిద్ర పట్టనివాడు మంచం మీద దొర్లుతాడు. తెల్లవారేసరికి కళ్లు మండుతాయి, మధ్యాహ్నానికి ఎక్కడ చోటు దొరికితే అక్కడ ఒరుగుతాడు. మేనియాలోకి జారుతున్న మనిషికి ఇవేవీ ఉండవు. మూడు గంటలు పడుకుని హాయిగా లేస్తాడు, చీకటి ఉండగానే అలమరలన్నీ సర్దేస్తాడు, ఆరు కాకముందే పదిమందికి ఫోన్లు చేస్తాడు. వైద్యుడి దగ్గర 'నిద్ర సరిగా లేదండీ' అని ఊరుకుంటే ఈ తేడా మరుగున పడిపోతుంది కాబట్టి, మర్నాడు అలసట ఉందో లేదో కూడా తప్పక చెప్పాలి.

దీని వెనుక ఉన్న ఏర్పాటు నాకు ఎంతో ఇష్టమైన విషయం. నిద్రను రెండు వేర్వేరు ప్రక్రియలు నడిపిస్తాయని 1982లో నిద్ర పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బెలీ ప్రతిపాదించారు. ప్రకాశం బ్యారేజీ వెనుక కృష్ణ నీరు చేరినట్టు, మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పోగవుతూ నిద్ర ఒత్తిడిని పెంచుతుంది. గేట్లు ఎత్తే వేళను మాత్రం కంటి నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, సుమారు 20,000 నాడీకణాలతో ఉండే సుప్రాకియాస్మాటిక్ కేంద్రకం అనే మెదడు గడియారం నిర్ణయిస్తుంది. ఈ గడియారపు సొంత చక్రం సగటున 24 గంటల కంటే కొన్ని నిమిషాలు ఎక్కువ; కంటిలో మెలనాప్సిన్ అనే కాంతిని పట్టే పదార్థం ఉన్న కణాలు 480 నానోమీటర్ల దరిదాపుల్లోని నీలి కాంతిని పట్టుకుని రోజూ దాన్ని సరిదిద్దుతాయి. మట్టం పెరిగినా గేటు మూసి ఉంటే నిద్ర రాదు కనుకనే, రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చినవారికి కూడా ఉదయం పదింటికి నిద్ర నిలవదు. గేటు తెరిచినా మట్టం లేకపోతే కునుకు పలచగా ఉంటుంది. కాఫీ నీటిని తగ్గించదు, మట్టం చూపే కొలబద్దను కప్పేస్తుంది. మేనియాలో ఉన్న మనిషి ఆ కొలబద్దే లేనట్టు ప్రవర్తిస్తాడు.

నిద్ర తగ్గడం మేనియాకు ఫలితం మాత్రమే కాదు, కారణం కూడా కాగలదని 1987లో అమెరికా మానసిక వైద్యుడు థామస్ వెర్, ఆయన సహచరులు వివరించారు. నిద్ర తగ్గితే మేనియా, మేనియా వల్ల నిద్ర ఇంకా తగ్గడం, ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. తెల్లవారుజాము ముహూర్తపు పెళ్లి, హాస్టల్లో రాత్రి చదువులు, కాన్పు తర్వాతి రాత్రులు, కోటప్పకొండ తిరునాళ్ల జాగారం చాలామందికి ఒక రోజు బడలికతో పోతాయి. వంశపారంపర్యంగా ఈ జబ్బుకు లోనయ్యే స్వభావం ఉన్నవారికి మాత్రం అవే మొదటి మెట్టు కావచ్చు. జాగారం తర్వాత మాటతీరు మారితే దేవుడు పూనాడనీ, గాలి సోకిందనీ తాయెత్తుల కోసం తిరిగే కుటుంబాలను చూస్తే నాకు బాధ కలుగుతుంది. భక్తిని ఎవరూ వదులుకోనక్కరలేదు, కానీ నిద్ర వెంటనే కుదుటపడవలసిన ఆ రోజులు మళ్లీ దొరకవు.

మిగతా గుర్తులు చాలామందికి తెలిసినవే. ఎదుటివారికి సందు ఇవ్వనంత వేగంగా మాట్లాడడం, ఆలోచనలు ఒకదాని మీద ఒకటి పరుగెత్తడం, ఉన్నట్టుండి అప్పు తెచ్చి వ్యాపారం పెడతాననడం, అడ్డు చెబితే భగ్గుమనడం వంటివి కనీసం వారం పాటు సాగితే మేనియా అంటారు. తక్కువ తీవ్రతతో నాలుగు రోజులు ఉంటే హైపోమేనియా. దాన్ని ఎవరూ జబ్బుగా అనుకోరు కాబట్టి ఎక్కువమంది డిప్రెషన్ దశలోనే వైద్యుడి దగ్గరికి వెళతారు. అప్పుడు పాత హుషారు రోజుల సంగతి దాచకూడదు. మూడ్ స్టెబిలైజర్ (మనఃస్థితి ఎగుడుదిగుళ్లను అదుపులో ఉంచే మందు) లేకుండా డిప్రెషన్ మందులు మాత్రమే వాడితే కొందరిలో మేనియా తలెత్తుతుంది. ఎవరిని కలవాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.

1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ మేనియాకు ఉపయోగపడుతుందని చూపిన లిథియం అనే మందు, కణాల్లోని జీవగడియారపు చక్రాన్ని సాగదీస్తుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. దాన్ని వాడేవారికి విజయవాడ ఎండల్లో ఒక జాగ్రత్త తప్పనిసరి. మూత్రపిండాలు లిథియాన్ని సోడియంలాగే చూస్తాయి కాబట్టి చెమటతో నీరూ ఉప్పూ పోయినప్పుడు రక్తంలో లిథియం పేరుకుంటుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కూడా దాన్ని పెంచుతాయి. వాంతులు, విరేచనాలు, చేతుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే పెద్ద వణుకు, నడకలో తూలుడు కనిపిస్తే తర్వాతి మాత్ర వేసుకోకముందే ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోవాలి.