వాకపల్లి: జరగని ఆ పరేడ్

విశాఖలో పోలీసుల మీద ఆరోపణ వచ్చిన ప్రతిసారీ వాకపల్లి పేరు మళ్ళీ పైకి వస్తుంది. ఒకరు "కోర్టే కేసు కొట్టేసింది కదా" అంటారు. ఇంకొకరు "ఎందుకు కొట్టేసిందో చదివారా?" అని అడుగుతారు. ఈ రెండో ప్రశ్నకు జవాబు 2023లో వచ్చిన తీర్పులోనే ఉంది. కానీ అది 2023 కథ కాదు, 2007 నాటి మొదటి కొన్ని వారాల కథ.

జరిగిన సంగతి చాలామందికి తెలుసు. 2007 ఆగస్టు 20 ఉదయం జి.మాడుగుల మండలం నుర్మతి పంచాయతీలోని వాకపల్లికి కూంబింగ్ (మావోయిస్టుల కోసం గాలింపు) కోసం 21 మంది గ్రేహౌండ్స్ పోలీసులు వచ్చారు. గ్రేహౌండ్స్ అంటే మావోయిస్టులను ఎదుర్కోవడానికి పెట్టిన ప్రత్యేక పోలీసు దళం. వాళ్ళు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. అసలు చూడాల్సింది ఆ ఫిర్యాదు తర్వాత పోలీసు శాఖ ఏం చేసింది, ఏం చేయలేదు అన్నదే.

ముక్కూమొహం తెలియని మనుషుల మీద ఫిర్యాదు వస్తే, దర్యాప్తులో తొందరగా జరిపించాల్సింది గుర్తింపు పరేడ్. మేజిస్ట్రేట్ సమక్షంలో, దాదాపు అదే వయసు, అదే ఒడ్డూ పొడుగూ ఉన్న మామూలు మనుషులను నిందితుల మధ్య కలిపి వరసగా నిలబెడతారు. దర్యాప్తు చేసే పోలీసులు అక్కడ ఉండకూడదు. సాక్షి ఆ వరస వెంట నడిచి, తను చూసిన మనిషిని చూపించాలి. ఎవరిని చూపించింది, ఎవరి దగ్గర తడబడింది మేజిస్ట్రేట్ అక్కడికక్కడే రాసుకుంటారు. జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడు చేస్తేనే దీనికి విలువ. నెలలు గడిస్తే డిఫెన్స్ లాయరు మొదట పట్టుకునేది దీన్నే.

వాకపల్లి కేసులో ఈ పరేడ్ జరగనే లేదు. నిందితుల్లో ఒక్కరినీ, ఒక్కసారి కూడా అరెస్టు చేయలేదు. ఆ ఉదయం ఊళ్ళోకి వచ్చినవాళ్ళంతా ఒకే రకం దుస్తుల్లో ఉన్న కొత్త మనుషులు. ఆ స్త్రీలకు పేర్లు తెలియవు, తెలిసే దారీ లేదు. వాళ్ళకు తెలిసింది మొహాలు. ఆ మొహాలను చూపించే అవకాశమే ఇవ్వలేదు. ఈ కేసు మొత్తం ఇక్కడే ఒరిగిపోయిందని నేను నమ్ముతున్నాను. తర్వాత పదహారేళ్ళలో ఏ కోర్టూ ఈ నష్టాన్ని పూడ్చలేకపోయింది.

పోలీసుల వాదన మొదటి నుంచీ ఒకటే. గ్రేహౌండ్స్‌ను దెబ్బతీయడానికి మావోయిస్టులే వెనక ఉండి ఈ ఆరోపణ చేయించారని. మరుసటి ఏడాది జూన్‌లో ఒడిశాలోని బలిమెల దగ్గర పడవ మీద జరిగిన దాడిలో గ్రేహౌండ్స్ పెద్ద సంఖ్యలో ప్రాణాలు కోల్పోయింది. ఆ బాధ నిజమైనదే. కానీ ఆ బాధ, గుర్తింపు పరేడ్ ఎందుకు పెట్టలేదన్న ప్రశ్నకు జవాబు కాదు. ఆరోపణ అబద్ధమని అంత నమ్మకం ఉంటే, దాన్ని తేల్చేసే మార్గం కూడా ఆ పరేడే కదా.

ఆరోపణలో నిజం లేదని దర్యాప్తు తేల్చేసింది. మహిళలు పాడేరు కోర్టు మెట్లెక్కారు. 2012లో హైకోర్టు ఆ 21 మందిలో 13 మందిపై విచారణకు ఒప్పుకుంది. పోలీసులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు, మళ్ళీ ఐదేళ్ళు ఆగింది. 2017 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు వాళ్ళ వాదన తోసిపుచ్చి, ఆరు నెలల్లో విచారణ ముగించమంది. ఆ ఆరు నెలలు ఐదేళ్ళు దాటాయి. పాడేరు ఘాట్ దిగి, వంద కిలోమీటర్లకు పైగా వస్తే గానీ విశాఖలోని ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టు రాదు. తీర్పు వచ్చేసరికి ఆ పదకొండు మందిలో ఇద్దరు చనిపోయారు.

2023 ఏప్రిల్ 6న 13 మందినీ నిర్దోషులుగా వదిలేశారు. "కొట్టేసింది కదా" అనేవాళ్ళు ఇక్కడితో ఆగిపోతారు. అదే తీర్పులో ఇంకో రెండు మాటలున్నాయి. దర్యాప్తు అధికారులు సరిగా దర్యాప్తు చేయకపోవడమే ఈ ఫలితానికి కారణమని కోర్టు చెప్పింది. మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వమంది. ఆ స్త్రీల మాటను కోర్టు నమ్మిందనడానికి ఈ పరిహారమే గుర్తని మానవ హక్కుల వేదిక అప్పుడే అంది. ఆ మాటను తోసిపుచ్చడం కష్టం. అబద్ధం చెప్పారనుకుంటే పరిహారం ఎందుకిస్తారు?

దర్యాప్తు అధికారుల్లో ఒకరి విషయాన్ని, వీగిపోయిన కేసులను పరిశీలించే అపెక్స్ కమిటీ ముందు పెట్టమని కూడా కోర్టు చెప్పింది. ఈ కమిటీ ఊరికే వచ్చింది కాదు. 2014 జనవరి 7న గుజరాత్‌కు చెందిన కిషన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాల హోం శాఖలకూ ఒక ఆదేశం ఇచ్చింది. కేసు వీగిపోయిన ప్రతిసారీ ఎందుకు వీగిందో చూడాలి, తప్పు చేసిన దర్యాప్తు అధికారిని గుర్తించాలి, శాఖాపరమైన చర్య తీసుకోవాలి. మంచి ఆదేశం. అయితే ఆ పరిశీలన చేసే కమిటీలో ఉండేది పోలీసు, ప్రాసిక్యూషన్ శాఖల సీనియర్ అధికారులు. పోలీసుల మీద కేసును పోలీసులే దర్యాప్తు చేశారు, ఆ దర్యాప్తులో లోపాన్ని తూచేవాళ్ళలోనూ పోలీసులే.

బయటివాళ్ళు చూసే ఏర్పాటు గురించి సుప్రీంకోర్టు అంతకు ముందే చెప్పింది. ప్రకాశ్ సింగ్ కేసులో, 2006 సెప్టెంబరు 22న, ప్రతి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో పోలీసుల మీద ఫిర్యాదులు వినే సంస్థ పెట్టమంది. వాకపల్లికి పదకొండు నెలల ముందు. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర స్థాయి సంస్థకు 2021 జూన్‌లో ఛైర్మన్‌గా ఒక రిటైర్డ్ జడ్జిని వేశారు. ఆ నియామకాన్ని సెప్టెంబరులో హైకోర్టు నిలిపేసింది. అప్పటికి వాకపల్లి మహిళలు ఫిర్యాదు చేసి పద్నాలుగేళ్ళు దాటింది. విశాఖ కోర్టులో వాళ్ళ కేసు అప్పటికింకా నడుస్తూనే ఉంది.