రాక్షసబల్లుల సంతానం, పరిణామం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటాసారస్ అనే రాక్షసబల్లి (డైనోసార్) అస్థిపంజరం దగ్గరికి పిల్లలను తీసుకెళ్లినప్పుడల్లా వాళ్ల వెంట వచ్చిన పెద్దలలో ఒకరైనా ఈ మాట అడుగుతారు: "ఇంత పెద్ద జంతువు ఎన్నేళ్లకు ఒక పిల్లను కనేదో! అలాంటి జాతులు మారుతూ మారుతూ కొత్త జాతులయ్యాయంటే నమ్మేదెలా?" ఆ ఎముకలు మన గోదావరి లోయవే, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికినవి. అడిగిన ప్రశ్న కూడా మంచిదే, ఎందుకంటే సంతానం లేనిదే పరిణామం లేదు. శిలాజ ఎముకలను పలచగా కోసి, సాన పట్టి, సూక్ష్మదర్శిని కింద చదవడం నా పని. ఈ ప్రశ్న వెనుక ఉన్న అపోహలను ఎప్పటికైనా వివరంగా రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

అపోహ: ఒళ్లు పెద్దదైతే సంతానం తక్కువ.

ఇది ఏనుగును చూసి వేసుకున్న లెక్క. ఏనుగు 22 నెలలు మోసి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి పాలిచ్చి సాకుతుంది. పాలిచ్చే జంతువుల్లో ఒళ్లు పెరిగేకొద్దీ కాన్పులు తగ్గుతాయన్నది నిజమే. కానీ డైనోసార్ గుడ్లు పెట్టే జీవి. గుడ్డు పరిమాణానికి ఒక హద్దు ఉంటుంది. గుడ్డు పెద్దదయ్యేకొద్దీ అది పగలకుండా ఉండాలంటే పెంకు మందంగా ఉండాలి, పెంకు మరీ మందమైతే లోపలి పిండానికి గాలి చాలదు. అందువల్ల తల్లి ఎంత పెరిగినా గుడ్డు ఆ మేరకు పెరగలేదు.

మన దేశంలోనే దీనికి సాక్ష్యం ఉంది. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో 92 గూళ్లు, 256 గుడ్లు దొరికాయని ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన హర్ష ధీమాన్, గుంటుపల్లి ప్రసాద్ బృందం 2023లో ప్రకటించింది. అవి పొడవాటి మెడ గల భారీ శాకాహార డైనోసార్లైన టైటనోసార్ల గుడ్లు. ఒక్కో గుడ్డు అడ్డుకొలత 15 నుంచి 17 సెంటీమీటర్లు, అంటే రెండు, రెండున్నర లీటర్లు పట్టే గుడ్డు. టన్నుల కొద్దీ బరువున్న తల్లికి అదేమంత భారం కాదు. ఒక్కో గూటిలో ఇరవై గుడ్ల దాకా ఉన్నాయి. పెద్ద డైనోసార్ల సంతాన శక్తి అంతే పరిమాణం గల క్షీరదాల కంటే ఎక్కువై ఉంటుందని శాస్త్రవేత్తలు క్రిస్టీన్ జానిస్, మాథ్యూ కరానో 1992లోనే వాదించారు. ధార్ గూళ్లు చూస్తే వాళ్ల వాదన సబబనిపిస్తుంది.

అపోహ: పూర్తిగా ఎదిగాకే, అంటే ఎన్నో దశాబ్దాల తర్వాతే గుడ్లు పెట్టేవి.

చెట్టు మానులో ఉన్నట్టే డైనోసార్ ఎముకలోనూ ఏటికొక గీత ఉంటుంది. గుడ్డు పెట్టే రోజుల్లో పక్షుల ఎముక గొట్టంలో పెంకు కోసం కాల్షియం నిలవచేసే ప్రత్యేక కణజాలం పుడుతుంది. అలాంటిదే ఎనిమిదేళ్ల టెనోంటోసారస్, పదేళ్ల అలోసారస్ అనే డైనోసార్లలో కనిపించిందని 2008లో వెల్లడైంది. ఆ రెండూ అప్పటికింకా ఎదుగుతున్న వయసులోనే ఉన్నాయి.

అపోహ: పిల్లలు చాలావరకు చచ్చిపోతే ఇక జాతి మారేదెక్కడ?

అన్నిటికన్నా నాకు బాధ కలిగించే అపోహ ఇది, ఎందుకంటే ఇది అసలు విషయాన్నే తలకిందులు చేస్తుంది. అమెరికాలోని మోంటానాలో దొరికిన మైయాసారా అనే డైనోసార్ల కాలి ఎముకలు యాభైని కోసి 2015లో వయసులు లెక్కగట్టారు. పుట్టిన ఏడాదిలోపే పదింటిలో దాదాపు తొమ్మిది చనిపోయేవని తేలింది. మిగిలిన ఆ ఒక్కటీ ఎందుకు మిగిలింది? కొంత అదృష్టం. కొంత మాత్రం దాని కాళ్ల వేగం, ఒంటి రంగు, రోగాన్ని తట్టుకునే బలం, త్వరగా ఎదిగే గుణం. అవి తల్లిదండ్రుల నుంచి వచ్చినవైతే తన పిల్లలకూ అందుతాయి. ప్రకృతి వరణం అంటే ఇదే. అన్నీ బతికి, అన్నీ సమానంగా పిల్లలను కంటే ఎంపికకు చోటే ఉండదు.

దీన్ని కళ్లారా చూసినవాళ్లున్నారు. 1977లో పసిఫిక్ సముద్రంలోని గాలాపగోస్ దీవుల్లో ఒకటైన డాఫ్నే మేజర్‌లో కరువొచ్చి ఫించ్ పిట్టలు చాలావరకు చనిపోయాయి. గట్టి గింజలను పగలగొట్టగల మందపు ముక్కు పిట్టలే ఎక్కువగా మిగిలాయి. మరుసటి తరం పిల్లల ముక్కులు సగటున మందంగా ఉన్నాయని పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు కొలిచి చూపారు. ఒక్క తరంలోనే!

అపోహ: శిలాజాలు కొన్నే దొరికాయి, కాబట్టి జంతువులూ కొన్నే.

టైరనోసారస్ రెక్స్ సుమారు 24 లక్షల ఏళ్లు భూమిపై ఉంది. ఆ కాలమంతటిలో 250 కోట్ల జంతువులు బతికి ఉంటాయని 2021లో ఒక అంచనా వచ్చింది. ఏ సమయంలో చూసినా ఇరవై వేలు, తరానికి 19 ఏళ్లు, మొత్తం 1,27,000 తరాలు. ఈ అంచనాలో హెచ్చుతగ్గులకు చాలా అవకాశం ఉంది, కనిష్ఠ అంచనా 14 కోట్లు. దాన్నే తీసుకున్నా తక్కువేమీ కాదు.

అపోహ: తరాలు నిదానంగా సాగితే ఇంత మార్పుకు కాలం చాలదు.

లెక్క వేసి చూద్దాం. పక్షుల పూర్వీకులైన డైనోసార్ల శాఖ ఐదు కోట్ల ఏళ్లలో 163 కిలోల నుంచి 0.8 కిలోకు చిక్కిందని 2014లో ఒక పరిశోధన అంచనా వేసింది. వినడానికి అసాధ్యంలా ఉంటుంది. కానీ 163ను సగం చేస్తూ పోండి, ఎనిమిదోసారికే 0.8 కంటే కిందికి వచ్చేస్తుంది. తరానికి పదేళ్లు వేసుకున్నా 50 లక్షల తరాలు. అంటే బరువు ఒకసారి సగం కావడానికి ఆరు లక్షలకు పైగా తరాల గడువు! తరానికి తరానికి మధ్య తేడా ఏ త్రాసుకూ అందదు. సంతానం చాలకపోవడం అనే చిక్కే ఇక్కడ లేదు.

అయితే నిదానం ఎక్కడా దెబ్బతీయలేదా?

పొదగడంలో తీసి ఉండవచ్చు. పిండాల పళ్లలోని రోజువారీ గీతలు లెక్కపెట్టి, ప్రోటోసెరటాప్స్ అనే డైనోసార్ గుడ్డు పొదగడానికి మూడు నెలలు, హైపక్రోసారస్ అనే మరో డైనోసార్‌కు ఆరు నెలలు పట్టేదని 2017లో గ్రెగరీ ఎరిక్సన్ బృందం తేల్చింది. అన్ని నెలలు గుడ్డు వరదకూ కరువుకూ, గుడ్లు తినే జంతువులకూ గురవుతుంది. 6.6 కోట్ల ఏళ్ల క్రితం గ్రహశకలం పడి ఆహారం కరువైనప్పుడు ఈ ఆలస్యం కూడా వాటికి భారమై ఉండవచ్చని ఆ బృందం అభిప్రాయం. ఆ విపత్తును దాటి వచ్చిన డైనోసార్లు పక్షులు మాత్రమే. ఇవాళ మన పెరట్లో కోడి 21 రోజులకే పిల్లలను లేపుతుంది.