పెన్షన్ ఫండ్ చేతిలోని ఓటు: అపోహలు - వాస్తవాలు

పెన్షన్ ఫండ్ తరఫున కంపెనీల వార్షిక సమావేశాల్లో ఓట్లు వేయడం నా పని. సభ్యుల దగ్గర తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: కంపెనీ తీరు నచ్చకపోతే షేర్లు అమ్మేస్తే సరి.

వాస్తవం: అమ్మితే ఆ షేరు ఇంకొకరి చేతికి వెళ్తుంది. బోర్డు అదే, పద్ధతులూ అవే. పైగా పెద్ద ఫండ్లు చాలావరకు మార్కెట్ సూచీని అనుసరిస్తాయి, అంటే అందులో ఉన్న కంపెనీలన్నిటి షేర్లూ ఉంచుకుంటాయి కాబట్టి ప్రతి కంపెనీనీ వదిలి పోలేవు. నార్వే ప్రభుత్వ పెన్షన్ ఫండ్‌కు ప్రపంచంలోని లిస్టెడ్ కంపెనీల షేర్లలో సగటున సుమారు 1.5 శాతం వాటా ఉంది. అంత వాటా ఉన్నవాళ్లు ఎక్కడికి పోతారు? అందుకే ఉండి అడుగుతారు. ఏ తీర్మానానికి ఎలా ఓటేస్తారో సమావేశానికి ఐదు రోజుల ముందే ప్రకటిస్తారు. పొగాకు కంపెనీలను మాత్రం ఆ ఫండ్ పూర్తిగా వదిలేసింది. తయారుచేసే సరుకే సమస్య అయినచోట మాట్లాడి మార్చేదేముంది?

అపోహ: చిన్న వాటాతో ఏమీ కాదు.

వాస్తవం: 2021లో అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్‌లో ఇంజిన్ నంబర్ 1 అనే పెట్టుబడి సంస్థకు ఉన్న వాటా 0.02 శాతం. అది నిలబెట్టిన నలుగురిలో ముగ్గురు బోర్డులోకి వెళ్లారు. కాలిఫోర్నియా ప్రభుత్వోద్యోగుల కాల్‌పర్స్, అక్కడి ఉపాధ్యాయుల కాల్‌స్టర్స్ లాంటి పెన్షన్ ఫండ్లు వెంట నిలిచాయి.

అపోహ: ఓటింగ్ లాంఛనం. ఎలా ఓటేయాలో సూచించే సలహా సంస్థ చెప్పినచోట టిక్కు పెట్టడమే.

వాస్తవం: ఓటు హక్కు కూడా సభ్యుల ఆస్తిలో భాగమేనని, దాన్ని వాళ్ల మేలు కోసమే వాడాలని అమెరికా కార్మిక శాఖ 1988లోనే తేల్చి చెప్పింది. సలహా సంస్థ నివేదిక మేమూ చదువుతాం, కానీ నిర్ణయం మాదే. ఒక డైరెక్టరును మళ్లీ ఎన్నుకోవాలంటే ఆయన ఎన్ని సమావేశాలకు వచ్చారు, ఇంకా ఎన్ని బోర్డుల్లో ఉన్నారు, ఆడిట్ కమిటీలో ఉండి ఖాతాల్లో తేడాలొచ్చినప్పుడు ఏం చేశారు అన్నవి చూస్తాం.

బయటివాళ్లకు అంతగా తెలియని చిక్కు ఒకటుంది. అదనపు ఆదాయం కోసం ఫండ్లు షేర్లు అరువిస్తాయి. షేరుతో పాటు ఓటూ పోతుంది. డివిడెండుకు సరిపడా డబ్బు మనకు చేరుతుంది గానీ, రికార్డ్ డేట్ (ఓటు ఎవరిదో లెక్కగట్టే తేదీ) లోపు షేరును వెనక్కి రప్పించుకోకపోతే ఓటు వేయలేం. విలీనం లాంటి పెద్ద తీర్మానం ముందున్నప్పుడు కాస్త రుసుము కోసం ఓటు వదులుకోవడం తప్పని నా గట్టి అభిప్రాయం.

అపోహ: బాధ్యతగా ఓటేయడం అంటే రాబడి వదులుకోవడం.

వాస్తవం: 2001లో అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ ఖాతాల మోసం బయటపడి కూలినప్పుడు ఆ షేర్లలో పెట్టిన ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు ఆవిరైపోయింది. అక్కడా బోర్డు ఉంది, ఆడిట్ కమిటీ ఉంది. అడగాల్సిన ప్రశ్నలు అడగలేదు. ఇరవై అయిదేళ్ల సభ్యుడి డబ్బు మా దగ్గర దశాబ్దాలు ఉంటుంది, ఆ ప్రశ్నలు మేం అడగాల్సిందే.

అపోహ: ఇందులో సభ్యులకు పనేముంది?

వాస్తవం: మీ ఫండ్ ఓటింగ్ రికార్డు అడిగి తీసుకోండి. వ్యతిరేకంగా వేసిన ఓట్లకు కారణాలు రాశారా, అరువిచ్చిన షేర్లను ఎప్పుడు వెనక్కి పిలుస్తారు అన్న రెండూ ముందు చూడండి.