ఇండియా ఫ్లైట్ ఎక్కేముందే ఇంటిల్లిపాది సిటిజన్‌షిప్: అపోహలు - వాస్తవాలు

"జూన్‌లో వెళ్లిపోతున్నామండీ, టికెట్లు కూడా కొనేశాం." అమెరికా నుంచి ఇండియాకు తిరిగి వెళ్లే తెలుగు కుటుంబాలు నాతో మాట్లాడటం మొదలుపెట్టేది చాలాసార్లు ఈ మాటతోనే. అసలు సంగతి తర్వాత మెల్లగా బయటికొస్తుంది. ఆయన సిటిజన్. చిన్నవాడు ఇక్కడే పుట్టాడు కాబట్టి వాడూ సిటిజనే. ఆవిడది గ్రీన్‌కార్డు. హైదరాబాద్‌లో పుట్టిన పెద్దమ్మాయిదీ, నానమ్మగారిదీ గ్రీన్‌కార్డులే. "వాళ్లవి అక్కడికెళ్లాక నింపాదిగా చూసుకుందాం" అంటారు. అక్కడికెళ్లాక చూసుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

నేను లాయర్ని కాను. ఒక ఇమిగ్రేషన్ లాయరు దగ్గర పన్నెండేళ్లుగా కేసు ఫైళ్లు తయారుచేస్తున్నాను. కింద రాసినవన్నీ నాకు తరచూ వినిపించే మాటలే. పాత అరెస్టో, టాక్స్ గొడవో ఉన్నవాళ్లు మాత్రం ఇది చదివి ఆగిపోకుండా లాయర్ని కలవండి.

అపోహ: కార్డు మీద పదేళ్ల గడువుంది, అప్పటిదాకా ఢోకా లేదు.

ఆ తేదీ కార్డుకే, మీ హోదాకు కాదు. గ్రీన్‌కార్డు ఇచ్చేది అమెరికాలో నివాసం ఉండటానికి. ఆ నివాసమే ఎత్తేస్తే ఇక దానికి ఆధారం లేదు. ఏడాది, అంతకు మించి బయట ఉంటే ఉత్త కార్డు చూపించి తిరిగి రావడం కుదరదు. కాన్సులేట్‌లో ఎస్‌బీ-1 వీసా (తిరిగొచ్చే నివాసులకు ఇచ్చేది) అడగాలి, ఆలస్యం మన చేతిలో లేని కారణం వల్ల జరిగిందని రుజువు చేయాలి. పిల్లల చదువు, ఇల్లు కట్టుకోవడం లాంటివి ఆ లెక్కలోకి రావు.

అపోహ: ఆర్నెల్లకోసారి వచ్చి మొహం చూపిస్తే చాలు.

"అక్కా, ఆర్నెల్లు దాటకుండా చూసుకుంటున్నాం, మా అమ్మకి సిటిజన్‌షిప్ వచ్చేస్తుందిగా?" అని ఒకబ్బాయి ఫోన్ చేశాడు. ఆవిడ పాస్‌పోర్టు తెప్పించుకుని, స్టాంపులు చూస్తూ ఎక్సెల్‌లో తేదీలు కొట్టాను. ఏటా రెండుసార్లు వస్తున్నారు, వచ్చినప్పుడల్లా రెండు నెలలు ఉంటున్నారు. అంటే ఏడాదికి నాలుగు నెలలు, ఐదేళ్లకు ఇరవై. మామూలు దారిలో సిటిజన్‌షిప్‌కి అప్లై చేయాలంటే గత ఐదేళ్లలో 30 నెలలు ఈ దేశంలో ఉండాలి. ఒక్కసారి కూడా ఆర్నెల్లు దాటని ఆవిడకు పది నెలలు తక్కువపడ్డాయి. ఆ అబ్బాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక్కడ రెండు లెక్కలున్నాయి, జనం వాటిని కలిపేస్తారు. మొత్తం ఎన్ని రోజులు ఉన్నారన్నది ఒకటి. మధ్యలో నివాసం తెగిందా లేదా అన్నది రెండోది. ఒకే ట్రిప్పు ఆర్నెల్లు దాటితే నివాసం తెగినట్టే అధికారి మొదలుపెడతాడు. తెగలేదని చూపించే బాధ్యత మనది: ఉద్యోగం వదల్లేదని, ఇల్లు ఖాళీ చేయలేదని, కుటుంబం ఇక్కడే ఉందని. ఏడాది నిండితే వాదించడానికి ఏమీ ఉండదు, తిరిగొచ్చాక ఐదేళ్ల దారిలో కనీసం 4 ఏళ్ల 1 రోజు ఆగాలి. అత్తగారికి బాగాలేదని 14 నెలలు ఊళ్లో ఉండిపోయిన ఒకావిడకు ఈ మాట చెప్పాల్సివచ్చింది. కారణం ఎంత న్యాయమైనదైనా క్యాలెండర్‌కి పట్టదు.

బయల్దేరిన రోజు, దిగిన రోజు రెండూ అమెరికాలో ఉన్నట్టే లెక్క. రోజులు అంచున ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది.

అపోహ: రీఎంట్రీ పర్మిట్ ఉంది కాబట్టి సిటిజన్‌షిప్ గడియారం కూడా నడుస్తూనే ఉంటుంది.

నడవదు. మామూలుగా 2 ఏళ్లకు ఇచ్చే ఆ పర్మిట్, గ్రీన్‌కార్డుతో తిరిగి లోపలికి రావడానికి మాత్రమే. అంతకాలం బయట ఉంటే సిటిజన్‌షిప్‌కి కావాల్సిన నివాసం తెగుతుంది. అప్లై చేసేటప్పుడు నివాసం అమెరికాలోనే ఉండాలి కూడా. "హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్లో పెట్టేయొచ్చా" అన్నవాళ్లకు నా సమాధానం ఎప్పుడూ ఒకటే, లేదు.

నివాసం తెగకుండా కాపాడే ఫారం వేరే ఉంది, ఎన్-470. అమెరికన్ కంపెనీ పనిమీద విదేశం వెళ్లేవాళ్ల లాంటి కొద్దిమందికే అది వర్తిస్తుంది. దానికి ముందు గ్రీన్‌కార్డుతో ఏడాదిపాటు ఒక్క రోజు కూడా దేశం దాటకుండా ఉండాలి. ఏటా సంక్రాంతికి వెళ్లొచ్చేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

అపోహ: ఎన్-400 (సిటిజన్‌షిప్ అప్లికేషన్) పడేసి వెళ్లిపోదాం, ఇంటర్వ్యూకి వచ్చి ఓత్ (పౌరసత్వ ప్రమాణం) తీసుకుని పోదాం.

ఇది కొంచెం తెలిసినవాళ్లు చేసే తప్పు. చట్టం ప్రకారం అప్లికేషన్ పెట్టిన రోజు నుంచి ఓత్ రోజు దాకా కూడా నివాసం ఇక్కడే కొనసాగాలి. మధ్యలో పెళ్లికో పేరంటానికో రెండు మూడు వారాలు వెళ్లొస్తే ఇబ్బంది లేదు. ఇల్లు అమ్మేసి, కంటైనర్ ఎక్కించి, పిల్లల్ని అక్కడ స్కూల్లో వేసి, ఇంటర్వ్యూలో "ఎక్కడుంటున్నారు?" అని అడిగితే ఏం చెబుతారు? అబద్ధం చెబితే కేసు పోవడమే కాదు, ఆ మచ్చ ఎప్పటికీ ఫైల్లో ఉంటుంది. నిజం చెబితే నివాసం లేదని తేలిపోతుంది.

చివరి మూణ్ణెల్లు వేరే రాష్ట్రంలో స్నేహితుల ఇంట్లో ఉండేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: ఫైల్ చేసేనాటికి ఆ రాష్ట్రంలో 3 నెలలు ఉండి ఉండాలి. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందే అప్లికేషన్ పెట్టొచ్చు. తిరుగు ప్రయాణం మనసులో ఉన్నవాళ్లు ఆ 90 రోజులు వదులుకోకండి.

అపోహ: భర్త సిటిజన్ అయితే భార్యకు దానంతటదే వస్తుంది, లేదా మూడేళ్లకే వచ్చేస్తుంది.

దానంతటదే రావడం అనేది పెద్దవాళ్లకు లేదు. మూడేళ్ల దారి ఉంది కానీ షరతులు చూడండి. ఆవిడకు గ్రీన్‌కార్డు వచ్చి 3 ఏళ్లు కావాలి, ఆయన సిటిజనై 3 ఏళ్లు కావాలి, ఫైల్ చేసేనాటికి ఆ మూడేళ్లూ ఇద్దరూ కలిసి కాపురం ఉండాలి, 18 నెలలు ఇక్కడ ఉండాలి. ఆయన పోయినేడాదే ఓత్ తీసుకుంటే ఈ దారి మూసుకున్నట్టే, ఆవిడ సొంత ఐదేళ్ల లెక్కే గతి. ఆయన ముందుగా బెంగళూరు ఉద్యోగంలో చేరిపోయి, ఆవిడ ఇక్కడ ఒంటరిగా ఉండి మూడేళ్ల దారిలో ఫైల్ చేయబోతే కలిసి ఉండటం లేదన్న ప్రశ్న వస్తుంది. ఐదేళ్ల దారికి ఈ కాపురం షరతు లేదు.

నన్ను అడిగితే, హెచ్-1బీ మీద వచ్చిన మనవాళ్లలో ఎక్కువమందికి ఈ మూడేళ్ల గొడవే అక్కర్లేదు. భార్యాభర్తలిద్దరికీ గ్రీన్‌కార్డు ఒకేసారి వచ్చి ఉంటుంది. ఆయన అర్హుడైన రోజే ఆవిడా అర్హురాలే. మరి ఎందుకు వేయలేదంటే రెండు కారణాలు చెబుతారు. ఒకటి ఫీజు: 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్లో 710 డాలర్లు, కాగితం మీద 760. రెండోది, "ఇద్దరిలో ఒకరికైనా ఇండియన్ పాస్‌పోర్టు ఉండాలి, పొలం కొనాలంటే." ఇందులో కొంత నిజముంది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇండియా ఇచ్చేది) ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి కొనలేరు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. తిరిగెళ్లి ఇండియాలో స్థిరపడిన ఇండియన్ సిటిజన్ కొనొచ్చు. పొలమే ముఖ్యమనుకుంటే అదీ ఒక నిర్ణయమే, తప్పు పట్టను. కానీ దానికి బదులు గ్రీన్‌కార్డు పోతుందని తెలిసి తీసుకోండి.

పోయాక మళ్లీ కావాలంటే భర్త ఐ-130 (కుటుంబ సభ్యుల్ని స్పాన్సర్ చేసే పిటిషన్) వేయాలి. సిటిజన్ భార్యకు కోటా క్యూ లేదు నిజమే, కానీ నాలుగు వారాల్లో తేలే పనీ కాదు. పైగా స్పాన్సర్‌కి అమెరికాలో నివాసం ఉండాలి, లేదా భార్యతోపాటు వచ్చి మళ్లీ స్థిరపడతానని ఆధారాలు చూపాలి. ఆరేళ్లుగా గచ్చిబౌలిలో జీతం తీసుకుంటున్న మనిషికి ఆ కాగితాలు పుట్టించడం ఎంత కష్టమో నాకు తెలుసు. అమ్మాయి ఇక్కడ కాలేజీలో చేరింది, తండ్రి రేపే విమానం ఎక్కగలడు, తల్లి వీసా కోసం ఎదురుచూస్తోంది. అలాంటి ఫైళ్లు నా బల్లమీదికి ఒకటి రెండు కాదు వచ్చినవి.

అపోహ: కంపెనీయే ఇండియా పంపిస్తోంది కాబట్టి ఆవిడకు వెంటనే ఇస్తారు.

అలాంటి వెసులుబాటు నిజంగా ఉంది, చాలామందికి తెలియదు. సిటిజన్ అయిన భర్తనో భార్యనో అమెరికా ప్రభుత్వం గానీ, తగిన అమెరికన్ కంపెనీ గానీ విదేశంలో ఉద్యోగానికి నియమిస్తే, గ్రీన్‌కార్డు ఉన్న రెండోవారు ఐదేళ్లో మూడేళ్లో ఆగక్కర్లేదు. కనీసం ఏడాది పోస్టింగ్ ఉండాలి, వెంట వెళ్లాలి, ఉద్యోగం ముగిశాక తిరిగి అమెరికాలోనే ఉంటామని చెప్పాలి, ఓత్‌కి ఇక్కడే ఉండాలి. ఇండియన్ కంపెనీలో సొంతంగా వెతుక్కున్న ఉద్యోగానికి ఇది దొరకదు. హెచ్‌ఆర్ వాళ్లకు కూడా తరచుగా తెలియదు, మీరే అడగాలి.

అపోహ: పిల్లలకు అన్నీ ఆటోమేటిక్.

సగం నిజం, అందుకే ప్రమాదం. 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, 18 నిండని బిడ్డకు గ్రీన్‌కార్డు ఉండి, సిటిజన్ అయిన తల్లి లేదా తండ్రి సంరక్షణలో అమెరికాలో నివసిస్తుంటే, ఆ షరతులన్నీ కలిసిన క్షణమే సిటిజన్ అయిపోతారు. తండ్రి ఓత్ తీసుకున్నప్పుడు అమ్మాయికి 17 ఏళ్ల 11 నెలలైతే అదృష్టం. 18 దాటిన మర్నాడైతే సొంతంగా ఎన్-400 వేసుకోవాలి.

చిక్కు "అమెరికాలో నివసిస్తుంటే" అన్న మాట దగ్గరుంది. మన స్కూళ్లు జూన్‌లో తెరుస్తారని పిల్లల్ని తల్లితో ముందే పంపేస్తారు. తండ్రి ఓత్ ఆగస్టులో. ఓత్ నాటికి బిడ్డ నివాసం ఇండియాలో. ఇక ఆటోమేటిక్ లేదు. విదేశంలో ఉండే పిల్లలకు ఎన్-600కె అనే దారి ఉంది. సిటిజన్ తల్లో తండ్రో అమెరికాలో 5 ఏళ్లు, అందులో 14 ఏళ్ల వయసు దాటాక 2 ఏళ్లు ఉండాలి. బిడ్డ ఇక్కడికి రావాలి, 18 నిండేలోపే అంతా ముగియాలి. ఒక స్కూలు సంవత్సరం కోసం ఇంత తిప్పలు ఎందుకు?

ఆటోమేటిక్‌గా వచ్చినా కాగితం దానంతటదే రాదు. కనీసం పాస్‌పోర్టు తీయించండి. ఎన్-600 ఫారంతో తీసుకునే పౌరసత్వ సర్టిఫికెట్ ఫీజు 1,300 డాలర్లు దాటుతుంది, చాలామంది వెనకాడతారు. నేనైతే తీసుకోమంటాను. పాస్‌పోర్టుకు గడువుంటుంది, సర్టిఫికెట్‌కి ఉండదు.

అపోహ: పెద్దవాళ్లకు ఇంగ్లిష్ రాదు కాబట్టి అసాధ్యం.

50 ఏళ్లు దాటి గ్రీన్‌కార్డుతో 20 ఏళ్లు, లేదా 55 దాటి 15 ఏళ్లు ఉన్నవాళ్లకు ఇంగ్లిష్ పరీక్ష లేదు, సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద ప్రశ్నలు) తెలుగులోనే చెప్పొచ్చు. సివిక్స్‌లో, 2025 అక్టోబర్ 20 నుంచి ఫైల్ చేసినవాటికి మామూలుగా, 128 ప్రశ్నల జాబితాలోంచి 20 దాకా అడుగుతారు, 12 సరైనవి చెప్పాలి. ఒక పెద్దావిడ గవర్నర్ పేరు, సెనేటర్ పేరు పూజగదిలో కాగితం మీద రాసి అతికించుకుని రోజూ దీపం పెట్టాక చదివేవారు. పాసయ్యారు. అయితే ఇక్కడ ఉండటమే ఇష్టంలేని పెద్దవాళ్లను రోజుల లెక్క కోసం చలిలో కూర్చోబెట్టడం నాకు నచ్చదు. వాళ్లకు ఐ-407తో కార్డు తిరిగిచ్చేసి విజిటర్ వీసా మీద వచ్చిపోవడమే మేలు కావచ్చు.

అపోహ: సిటిజన్‌షిప్ తీసుకుని ఇండియాలో ఉండిపోతే రద్దు చేస్తారు.

ఈ భయానికి పాత ఆధారం ఉంది. పుట్టిన దేశానికి తిరిగెళ్లి 3 ఏళ్లు ఉంటే సహజీకృత పౌరుల (తర్వాత పౌరసత్వం తీసుకున్నవాళ్ల) హోదా పోయే నియమం ఒకప్పుడు ఉండేది. 1964లో ష్నైడర్ వర్సెస్ రస్క్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఓత్ తర్వాత కొద్దికాలానికే విదేశంలో స్థిరపడితే అనుమానించే నిబంధనను 1994లో ఎత్తేశారు. అప్లికేషన్లో అబద్ధాలు లేకపోతే మీరు ఎక్కడున్నా సిటిజనే.

టాక్స్ భయంతో సిటిజన్‌షిప్ వద్దనుకునేవాళ్లకు ఒక్క మాట: గ్రీన్‌కార్డు చేతిలో ఉన్నంతకాలం ప్రపంచంలో ఎక్కడి ఆదాయానికైనా రిటర్న్, విదేశీ ఖాతాలు కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (ఆ ఖాతాల వివరాల రిపోర్టు), వాళ్లకూ ఉన్నాయి.

అపోహ: ఓత్ అయిన మరుసటి వారమే ఫ్లైట్.

ఓత్ హాల్లో గ్రీన్‌కార్డు తీసేసుకుంటారు. భారత్ రెండు పౌరసత్వాల్ని ఒప్పుకోదు కాబట్టి ఆ రోజు నుంచి ఇండియన్ పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు. ఆ సాయంత్రం మీ చేతిలో ఉండేది ఒక సర్టిఫికెట్ మాత్రమే, దానితో విమానం ఎక్కలేరు. ముందు అమెరికన్ పాస్‌పోర్టు, తర్వాత ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్, ఆ తర్వాత ఓసీఐ. అందుకని ఇంట్లో అందరికంటే ఆలస్యంగా జరిగే ఓత్ తేదీ చూసి, దానికి కొన్ని నెలలు కలిపి టికెట్ కొనండి. టూరిస్ట్ ఈ-వీసా మీద వెళ్లి రావొచ్చు గానీ స్థిరపడటానికి పనికిరాదు.

సర్టిఫికెట్ చేతిలో పెట్టగానే హాల్లోంచి కదలకుండా ఇంటిపేరు, పుట్టినతేదీ అక్షరం అక్షరం చూసుకోండి, తప్పుంటే అక్కడే చెప్పండి. ప్రయాణంలో దాన్ని చేతిసంచిలో పెట్టుకోండి. ఒక కుటుంబం నాలుగు సర్టిఫికెట్లనూ వంటగిన్నెల డబ్బాలో సర్ది ఓడకెక్కించే కంటైనర్లో వేసేసింది. అవి దిగేదాకా ఆవిడ నాకు రోజూ వాట్సాప్ చేశారు.